కొసరు సీసా

కుమాసీ సంతలో సెర్వా దగ్గర షిటో అనే నల్ల కారం కొన్నవాళ్లు గిన్నెను వెంటనే వెనక్కి తీసుకోరు. అడిగినంత పోశాక ఆమె గరిటె ఇంకోసారి గిన్నె మీదికి వస్తుంది. నిజం చెప్పాలంటే పక్క కొట్లో అమ్మే నల్ల కారం కూడా బాగానే ఉంటుంది, కాకపోతే ఆ మాట సెర్వా చెవిన పడకూడదు. జనం ఆమె దగ్గరికి వచ్చేది కొసరు కోసం. "కొసరు వెయ్యని చేతికి రెండో బేరం రాదు" అని ఆమె తల్లి అంటూ ఉండేది. తల్లి పోయినా ఆ మాట పోలేదు.

ఆఫ్రికా దేశాలు ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తగ్గించుకుంటామని ఒప్పందం చేసుకున్నాక, నైరోబీ నుంచి ఒక కొట్టాయన ఆమె కారం కావాలని కబురు పెట్టాడు. ఆమె పెరట్లో ఎండుచేపలు దంచి, అల్లం నూరి, మిరప ఘాటుకు కళ్లు మండించుకునే ఆడవాళ్లంతా తలా కాస్త డబ్బు వేసుకుని సీసాలు కొన్నారు. ఈ మొదటి సరుకు గట్టెక్కితే అందరికీ ఏడాది పొడవునా పని ఉంటుంది. మునిగితే అందరూ మునుగుతారు.

పెట్టెకు పన్నెండు సీసాలని కాగితాల్లో రాశారు. మూత అంటించే ముందు సెర్వా ప్రతి పెట్టెలో పదమూడో సీసా దూర్చింది.

"కాగితంలో లేదు కదా వదినా?" అంది ఆడపడుచు బోతెమా.

"కొసరు కాగితంలో రాస్తారా ఎవరైనా? అడక్కుండా వస్తేనే కదే అది కొసరు!"

"నీ చేతికి ఎముక లేదమ్మా తల్లీ!" అని బోతెమా నవ్వింది.

సరుకు నైరోబీ దారిలోని మొంబాసా రేవుకు చేరి అక్కడే ఆగిపోయింది. అక్కడ సరుకు విడిపించే ముటిసో ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, ఎక్కువ సీసాలు దాచి పంపావా?"

"దాచడమేంటి బాబూ? అవి కొసరు."

"కొసరంటే?"

పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "కొన్నవాళ్లకి ప్రేమతో వేసేది" అంది, గొంతు తగ్గించి.

"ప్రేమకి ఇక్కడ లెక్క లేదమ్మా. కాగితంలో లేని సీసా దొంగ సీసా. సుంకం తగ్గింపు మొత్తం సరుక్కే పోయేలా ఉంది. సర్దడంలో పొరపాటు జరిగిందని రాసి సంతకం పెట్టి పంపు. ఎక్కువైనవి పగలగొట్టి మిగతావి వదులుతామంటున్నారు సుంకం వాళ్లు."

చుట్టూ ఆడవాళ్లు పని ఆపి నిలబడ్డారు. సెర్వాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"మా అమ్మ నేర్పింది పొరపాటని నా చేత్తో నేను రాయాలా?"

"రాసెయ్ వదినా. పంతం కూడు పెడుతుందా?" అంది బోతెమా. ఈసారి ఆమె నవ్వలేదు.

సెర్వా వాళ్ల చేతుల వైపు చూసింది. కారం నూరి నూరి ఎర్రబారిన చేతులు. పొరపాటని రాసి సంతకం పెట్టింది.

సరుకు విడుదలైంది. నైరోబీ ఆయన మళ్లీ పంపమన్నాడు. ఈసారి ప్రతి పెట్టె దగ్గరా సెర్వా స్వయంగా నిలబడి పన్నెండు లెక్కపెట్టి మూత వేయించింది. పెరట్లో ఎవరూ హాస్యాలాడలేదు.

ఆ సాయంత్రం సంతలో, తల్లి కాలం నుంచీ వస్తున్న ముసలి ఆఫ్రియె గిన్నె చాపింది. సెర్వా అడిగినంత పోసి గరిటె కుండలో పెట్టేసింది. గిన్నె అలాగే చాచి ఉంది.

"ఏమే, నీ చేతికి ఎముక ఎప్పుడు మొలిచింది?"

సెర్వా ఉలిక్కిపడి గరిటె నిండా ముంచి పైకి తీసింది. ముసలామె అప్పటికే గిన్నె మీద మూత పెట్టేసింది.

"వద్దులేవే. అడిగించుకుని వేస్తే అది కొసరెలా అవుతుంది?"