దేవవ్వ చెవి మిషన్లు

దేవవ్వకు వినికిడి ఒక్కరోజులో పోలేదు. మెట్‌పల్లిలో బుచ్చవ్వ ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేది. మొదట మాటల చివర్లు అందకుండా పోయాయి, తర్వాత మాటలే. ఒకసారి అడిగితే మళ్లీ చెప్పేవాళ్లు. రెండోసారి అడిగితే "ఏం లేదు తియ్యి" అనేవాళ్లు. ఆమె అడగడం మానేసింది. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి, చాటలోకి తల వంచేది.

భర్త పోయాక ఆమెకు నా అన్నవాడు తమ్ముడు లచ్చయ్యే. మస్కట్‌లో లారీ నడుపుతాడు. శుక్రవారం ఫోన్ చేసి "బాగున్నవా అక్కా" అని అరిచేవాడు. ఏమడిగాడో తెలియక ఆమె "తిన్న, తిన్న" అనేది. చివరికి అతనే విసిగి, ఫోన్‌లో ఏదో ప్రకటన చూసి, ఢిల్లీ కంపెనీ నుంచి అక్కకు చెవి మిషన్లు పంపించాడు.

పెట్టుకోగానే స్కూటర్లూ, కోళ్లూ, తన చెప్పుల చప్పుడూ అన్నీ కలిసి మీద పడ్డాయి. మాటలు మాత్రం తెలియలేదు. తల తిప్పితే చెవిలో కీమని కూత. డబ్బా మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఎవరో అమ్మాయి హిందీలో ఏదో చెబుతోంది. వినబడడం లేదని చెప్పుకోవడానికి కూడా వినాల్సి వచ్చింది. కాసేపు పట్టుకుని పెట్టేసింది.

జగిత్యాలలో చెవి మిషన్లు అమ్మే దుకాణానికి పోతే, అక్కడతను వాటిని తిప్పి చూసి, "కొన్నకాడనే చూపించుకో" అని చేతులతో సైగ చేసి పంపేశాడు. డబ్బా గూట్లోకి చేరింది. తమ్ముడు అడిగినప్పుడల్లా "మంచిగున్నయ్" అనేది.

వానాకాలంలో వెనక నుంచి వచ్చిన బండి హారన్ వినబడక, అది తగిలి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన మరునాడే డబ్బా పట్టుకుని కరీంనగర్ బస్సెక్కింది.

అక్కడ మేడ మీద చిన్న గదిలో చెవులు పరీక్షించే ఉమారాణి, ఎదురుగా కూర్చుని ముఖం కనబడేలా మాట్లాడింది.

"గివి యాడ కొన్నరమ్మా?"

"మీ దగ్గర కొనలే బిడ్డా. నా తమ్ముడు పంపిండు. చూడనంటే పోత."

"ఎందుకు చూడ? జర కూసోండ్రి."

చెవుల్లో గట్టిపడిన గులిమి తీసింది. పరీక్ష చేసింది. ఊడివస్తున్న రబ్బరు బుడిపెలు మార్చింది. "లోపలి సెట్టింగు నాతోని కాదు, కంపెనోళ్లే చెయ్యాలె" అని, తన ఫోన్‌లోంచి వాళ్లను వీడియోలో పిలిచింది. పరీక్షలో తేలినదంతా హిందీలో వాళ్లకు చెప్పింది. వాళ్లు అక్కణ్నుంచే ఫోన్ ద్వారా సెట్టింగు మారుస్తుంటే, ఒక్కో మార్పుకూ దేవవ్వ వైపు తిరిగి అడిగింది.

"ఇప్పుడెట్లున్నది?"

"నీ గొంతు సన్నగున్నది బిడ్డా" అంది దేవవ్వ.

మర్నాడు అరుగు మీద మాటలన్నీ వినబడ్డాయి. బుచ్చవ్వ తన కోడలి ముచ్చట ఎత్తబోతే పక్కామె ఆమె మోకాలు తట్టి, "గీమెకిప్పుడు ఇనవడ్తది" అని గొంతు తగ్గించింది. ఇన్నాళ్లూ దేవవ్వ ముందు ఏదైనా మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తునికాకు కత్తిరించే చప్పుడే మిగిలింది. పొద్దుగూకక ముందే ఆమె చాట ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

శుక్రవారం లచ్చయ్య ఎప్పటిలాగే అరిచాడు.

"అరవకు తమ్మీ. ఇనవడ్తున్నది. నువ్వెట్లున్నవు?"

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"మంచిగ లేనక్కా," అన్నాడు మెల్లగా. "నడుము పడిపోయింది. లారీ ఎక్కనిస్తలేరు. ఆర్నెల్లాయె, గోదాంల కావలి ఉంటున్న."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"రూముల పదిమందిమి ఉంటం. అందరు ఇనేటట్టు అరిచి చెప్పే ముచ్చటనా?"

దేవవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఇక్కణ్నుంచి ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

"చెప్పు తమ్మీ," అంది. "ఇంటున్న."

అతను చెబుతూ పోయాడు. ఆమె ఒక్క మాట కూడా మళ్లీ అడగలేదు.