పన్నెండుకే మోగిన ఒంటిగంట

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నేను లెక్కల్లో పాసవుతానని మా సారు ఎంత నమ్మాడో, దయ్యాలను నేనూ అంతే నమ్మాను. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్క సంగతి నాకు అంతుపట్టలేదు.

నారాయణపేటలో నాది ఫోన్లు బాగుచేసే దుకాణం. మా మేనత్త భర్త మల్లేశం మామ చీరలు నేస్తాడు. ఆయనకు షుగర్. ఒంటిగంటకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. అయినా గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే, పట్టిన పని తెగేదాకా ఎవరు పిలిచినా లేవడు. అందుకే వైఫై చిప్పుతో ఒక గడియారం చేసి మగ్గం ఎదుటి గోడకు బిగించాను. ఇంటర్నెట్ నుంచి తానే సమయం తెచ్చుకుని, సరిగ్గా ఒంటిగంటకు వీధంతా వినబడేలా మోగేది.

ప్రోగ్రాం నేను రాసింది కాదు. పరాయి దేశం వాళ్లది దించుకున్నాను. అక్కడ ఎండలు వస్తున్నాయంటే గడియారాలను గంట ముందుకు జరుపుతారట. మనకా పద్ధతి లేదు. అది తీసేయాలని నాకు తోచలేదు. మార్చిలో ఒక ఆదివారం గడియారం గంట ముందుకు దూకి పన్నెండుకే మోగింది. మామ నవ్వాడు. ప్రోగ్రాంలో అలా జరపమని రాసున్న వరుసలు తుడిచేసి మళ్లీ ఎక్కించాను. ఆ తర్వాత ఒక్క నిమిషం తేడా రాలేదు.

ఆగస్టులో ముసురు పట్టింది. మూడో రోజు మామ మగ్గం మీంచి లేచి వంటింట్లోకి వచ్చాడు. అత్త ఫోన్ చూసింది. పన్నెండు.

“అన్నం ఇంక దించనే లేదు, అప్పుడే వస్తివి?”

“గంట కొట్టింది, వచ్చిన. లేవకుంటే నువ్వే తిడ్తవు గదా.”

ఆమె వడ్డిస్తుండగా, మగ్గం వెనక తడిసిన మట్టిగోడ కూలి గుంత నిండా పడింది. మామ కూర్చునే చోట నడుము లోతు మట్టి.

నేను పరుగెత్తుకెళ్లేసరికి ఎదుటి గోడ మీద గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. నా ఫోన్‌లోనూ అంతే. మేము మట్టి తీస్తుండగా ఒంటిగంటకు అది మళ్లీ మోగింది.

మామకు అలా వినిపించిందేమో అనుకున్నాను. కానీ పన్నెండుకు మోగడం పక్కింటి నర్సమ్మ కూడా విన్నదట. గడియారాన్ని దుకాణానికి తెచ్చి విప్పాను. తుడిచేసిన వరుసలు లేవు. ఉన్నా గడియారం రోజంతా గంట ముందే చూపించాలి, మళ్లీ ఒంటిగంటకు మోగకూడదు. పన్నెండుకు మోగమని ఎక్కడా రాసి లేదు. ఎందుకు మోగిందో నేటికీ చెప్పలేను.

వారం తర్వాత అత్తకు అదే చెప్పాను. దీన్ని నమ్మలేమనీ, ఇంకొకటి సరిగ్గా చేసి తెస్తాననీ అన్నాను. ఆమె గడియారాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

“నువ్వు సరిగ్గ చేసిందైతే మీ మామ గా గుంతలనే ఉంటుండె. గిదే ఉండనియ్యి.”