వడగళ్లు పడిన జెబెల్ జైస్ మీదికి స్పోర్ట్స్ కారులో వెళ్లకండి

ఈ ప్రయాణం గురించి కోపం చల్లారాక రాద్దామని మూడు వారాలు ఆగాను. చల్లారలేదు. అందుకే ఇలాగే రాస్తున్నాను. చలికాలంలో జెబెల్ జైస్ కొండ మీద తెల్లగా ఏదో పడిందని ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలుకాగానే మీలో చాలామంది కారు తాళాల కోసం వెతుకుతారని నాకు తెలుసు. మేమూ అలాగే బయలుదేరాం. నేను అబుదాబిలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటాను. ముసఫ్ఫాలో ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మా తమ్ముడు మస్తాన్ షార్జాలో ఒక సెంటు షాపు చూసుకుంటాడు. మాది కావలి, చలికాలంలో కూడా ఫ్యాను ఆపని ఊరు. జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం వాడు ఫోన్ చేసి, "అక్కా, రేపు నాకు ముప్పయ్యేళ్లు నిండతాయి. నీకు మంచు చూపిస్తా. కారు గూడా తీసుకున్నా, చూస్తే నోరు తెరస్తావు," అన్నాడు. నలభై ఏళ్లొచ్చినా మంచు పడటం నేను కళ్లారా చూడలేదు. వీడియోలో పిల్లలు ఆ తెల్లటి దాన్ని గుప్పిళ్లతో ఎగరేస్తున్నారు. సరే వస్తానన్నాను.

శనివారం ఉదయం ఆరింటికి ఇంటి దగ్గర బయలుదేరి, ఈ311 హైవే మీదుగా ఏడూ నలభైకి షార్జా చేరాను. నా చిన్న కారు వాడి బిల్డింగు కింద పెట్టి చూస్తే, పక్కనే ఎర్రగా, నేలకి అంటుకుపోయినట్టు ఒక స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. రోజు అద్దె పన్నెండు వందల దిర్హాములట. "ఏందిరా ఇది, కొండెక్కడానికి ఇదా?" అన్నాను. "వెనక చక్రాల బండక్కా. ఇంజను బలమంతా వెనక్కే పోతాది. మలుపులో తోక ఊపతా పోతాది చూడు, ఆ మజానే వేరు," అని మస్తాన్ బానెట్టు తట్టాడు. టైర్లు వెడల్పుగా, గాడులు పెద్దగా లేకుండా నున్నగా ఉన్నాయి. ఇవి ఎండకాలపు టైర్లనీ, చలి పెరిగితే ఈ రబ్బరు బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోదనీ నాకు తరవాత తెలిసింది. అద్దెకిచ్చినవాడికి ముందే తెలిసుండాలి. ఎక్కడికి పోతున్నారని కూడా అడగలేదట.

షార్జా నుంచి రాస్ అల్ ఖైమా దాటి కొండ పాదం చేరడానికి గంటన్నర పట్టింది. మలుపుల రోడ్డు మొదలయ్యే ముందు ఒక చిన్న కెఫెటేరియా దగ్గర ఆగి కరక్ చాయ్, గుడ్డు పరాఠా తీసుకున్నాం. ఇద్దరికీ కలిపి పదహారు దిర్హాములు. అక్కడ వంట చేసే మలయాళీ పెద్దాయన గరిటె చేతిలో పట్టుకునే బయటికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. తరవాత మస్తాన్ వైపు తిరిగి, "భాయ్, ఊపర్ మత్ జావో, పైకి పోవద్దు. పైన నల్లగా ఉంది చూడు. పొద్దున్నుంచి నాలుగు బండ్లు వెనక్కొచ్చాయి. అవి కూడా పెద్ద బండ్లు," అన్నాడు హిందీలో. మస్తాన్ నవ్వి, "చాచా, మేం వెళ్లేది దానికోసమే కదా," అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పది గంటలకి కొండెక్కడం మొదలుపెట్టాం. రోడ్డు చాలా బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. నల్లగా, విశాలంగా, ఒక్క గుంట లేకుండా ముప్పై కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. కింద పదమూడు డిగ్రీలున్నది సగం దూరంలో ఏడైంది, ఇంకా పైకి పోయేసరికి మూడు. మొదట సన్నటి వాన. తరవాత కారు పైకప్పు మీద ఎవరో శనగలు గుమ్మరించినట్టు చప్పుడు. అది మంచు కాదు, వడగళ్లు. వీడియోలో మనకి మంచని చూపించేది చాలాసార్లు ఇదే. అయిదు నిమిషాల్లో రోడ్డు తెల్లబడింది. అందంగానే ఉంది. కానీ ఆ తెలుపు కింద నీళ్లు, నీళ్ల కింద నున్నటి తారు. నున్నటి టైర్లకి అంతకంటే చెడ్డ నేల లేదు.

మస్తాన్ తన ఫోను నా చేతికిచ్చి, "అక్కా, వీడియో తియ్," అన్నాడు. ఇంకో చేత్తో ఏదో బటన్ నొక్కి పట్టుకున్నాడు. స్టీరింగు ముందు పసుపుపచ్చ దీపం వెలిగింది. "అదేంది?" అన్నాను. "బండి జారకుండా పట్టుకునేది. అది ఉంటే తోక ఊగదు. తీసేశా." వద్దన్నాను. "రెండే మలుపులక్కా, నా పుట్టినరోజు కదా!" అన్నాడు. ఫోను పట్టుకుని తీస్తూనే ఉన్నాను. మొదటి మలుపులో కారు వెనక భాగం కొంచెం పక్కకి జరిగి సర్దుకుంది. వాడు ఈల వేశాడు. రెండో మలుపు తిరగ్గానే ఎదురుగా నారింజ రంగు జాకెట్లలో నలుగురు మనుషులు. కొండ మీంచి దొర్లిన రాళ్లనీ వడగళ్లనీ పారలతో పక్కకి నెడుతున్నారు. మస్తాన్ బ్రేకు బలమంతా పెట్టి తొక్కాడు.

ముందు చక్రాలు ఆగాయి. వెనక భాగం ఆగలేదు. కారు అడ్డంగా తిరిగి, తోక ముందుకు తోసుకుంటూ ఆ మనుషుల మీదికి పోయింది. ముగ్గురు కొండ వైపు పరుగెత్తారు. చివర్లో ఉన్నాయనకి అటు దారి లేదు. పార వదిలేసి రోడ్డంచున ఇనప కమ్మీ మీంచి అవతలికి దూకాడు. "ఓ అవ్వా!" అన్న కేక వినబడింది. కారు కమ్మీకి జానెడు దూరంలో ఆగింది. ఆయన దూకకపోయి ఉంటే ఆ జానెడులో ఆయన కాళ్లుండేవి. కమ్మీ అవతల మూడడుగుల గట్టు ఉంది. దాని తరవాత లోయ.

నేను తలుపు తీసుకుని పరుగెత్తాను. మస్తాన్ కూడా దిగాడు. దిగి, కారు వెనక్కి పోయి వంగి చూసి, "అక్కా, గీత గూడా పడలేదు!" అన్నాడు. నా జీవితంలో ఎవరి మీదా అంతగా అరవలేదు. "మనిషి ఎక్కడున్నాడో చూడరా ముందు! మనిషెక్కడ?" నా గొంతు కొండకి కొట్టుకుని నాకే తిరిగి వినబడింది. వాడి మొహం అప్పుడు తెల్లబోయింది.

ఆయన్ని కమ్మీ ఇవతలికి లాగాం. పేరు లింగన్న, కోరుట్ల దగ్గర పల్లె. నలభై అయిదేళ్లుంటాయి. కుడి మణికట్టు పైకి ఉబ్బి ఒంకర తిరిగింది. అది నేను రోజూ చూసే ఆకారమే, ఎముక విరిగిందని చెప్పడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. వాళ్ల నీళ్ల సీసాల అట్టపెట్టె చింపి, మడిచి చేతికింద పెట్టి, నా దుపట్టాతో కట్టాను. కడుతున్నప్పుడు ఆయన రెండో చేయి చూశాను. పలుచని నూలు గ్లవ్స్ తడిసి వేళ్లకి అంటుకుపోయాయి. మూడు డిగ్రీల చలిలో, మాలాంటి వాళ్లు ఫోటోలు దిగడానికి రోడ్డు శుభ్రం చేసే మనిషికి అవి తొడిగి పంపారు.

వాళ్ల సూపర్‌వైజరు దగ్గరికొచ్చి, హిందీలో మెల్లగా, "మేడం, వీడు కాలు జారి పడ్డాడు, అంతే. ఖలాస్. మీరు వెళ్లిపోండి," అన్నాడు. మాకు సాయం చేస్తున్నాననుకున్నాడు. మస్తాన్ నా మొహంలోకి ఆశగా చూశాడు. లింగన్న కూడా, "వద్దు మేడం, పోలీసోళ్లొద్దు. ముదీర్, గదే మా మేనేజరు, నన్నే తిడ్తడు. రెండు నెలలైతే ఇంటికి పోవాలె నేను," అన్నాడు. దెబ్బ తగిలినాయనే భయపడుతున్నాడు, దెబ్బ తగలడానికి కారణమైనవాడు వెళ్లిపోదామని చూస్తున్నాడు. అప్పుడే పైనుంచి ఒక పెద్ద ఫోర్ బై ఫోర్ నెమ్మదిగా దిగివచ్చింది. ఆపమని చేతులూపాను. అద్దం దిగింది, అందులోంచి ఒక ఫోను బయటికొచ్చింది, మమ్మల్ని వీడియో తీసుకుంది, అద్దం మళ్లీ పైకి పోయింది. బండి వెళ్లిపోయింది.

నేనే పోలీసులకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అంబులెన్సు కొండ కిందికి వస్తుందనీ, వడగళ్లు తీసేదాకా పైకి రాలేదనీ చెప్పారు. కూలీల పికప్ ఇంకా పైన, రాళ్లు పడిన చోటికి అవతల చిక్కుకుంది. లింగన్న తడిసి వణికిపోతున్నాడు, పైనుంచి చిన్న రాళ్లు ఇంకా దొర్లుతున్నాయి. నేనే తీసుకొస్తానన్నాను. ముందు ఆ చోటు ఫోటోలు తీసి, హజార్డ్ లైట్లు వేసుకుని నెమ్మదిగా రమ్మన్నారు. అద్దె కాగితంలో నా పేరు లేదు. అది తప్పేనని తెలిసే స్టీరింగు దగ్గర కూర్చున్నాను.

"మరి నేనెక్కడ కూర్చోవాలక్కా?" అన్నాడు మస్తాన్.

"రెండే సీట్లు తెచ్చావు కదా. నువ్వు ఇక్కడే ఉండు. పోలీసులొస్తే నిజం చెప్పు," అన్నాను. సూపర్‌వైజరు ఏమనుకున్నాడో గానీ, కింద పడి ఉన్న లింగన్న పార తీసి మస్తాన్ చేతికిచ్చాడు.

బటన్ మళ్లీ నొక్కాను, పసుపు దీపం ఆరింది. రెండో గేరులో, మనిషి పరుగెత్తేంత వేగంతో దిగడం మొదలుపెట్టాను. మొదటి మలుపులోనే వెనక చక్రాలు పక్కకి పోయాయి. నా కాలు బ్రేకు మీదికి పోతుంటే పక్కనుంచి లింగన్న, "తొక్కకుండ్రి!" అని అరిచాడు. కారు తనంతట తనే సర్దుకుంది. కాసేపటికి ఆయన అడిగాడు. "మేడం, ఇది ఎనుకెళ్ల తోస్తదా, ముంగటెళ్ల గుంజుతదా?"

"వెనకనుంచే తోస్తుందన్నా."

"అయితె మా ట్రాక్టర్ లెక్కనే. బురద పొలంల ఎనుక గిర్ర జారితే బ్రేక్ తొక్కద్దు, రేస్ ఇయ్యద్దు. ఎనుక ఎటు పోతే స్టీరింగు గటే జెరంత తిప్పాలె. తిరిగినంక సీద చెయ్యాలె. భయపడి ఎక్కువ తిప్పిన్రంటే గిర్రున తిరుగుతది."

ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో కారు నడుపుతున్నాను, నాకెవరూ ఈ మాట చెప్పలేదు. ముప్పైవేల మంది చూసే వీడియోల్లోనూ వినలేదు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకున్న మనిషి చెప్పాడు. మలుపుకి ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపులో ఏమీ తొక్కకుండా వదిలాను. నాలుగో మలుపులో వెనక భాగం లోయ వైపు గట్టిగా జారింది. చేతులు అటే తిప్పాను. "గంతే, గంతే... ఇగ సీద చెయ్యి," అన్నాడాయన. మేడం, మీరు అనే మర్యాదలన్నీ పోయాయి ఆ క్షణంలో. కారు నిలబడింది. కొంతదూరం పోయాక సీటూ తలుపులూ చూస్తూ, "గింత పెద్ద బండ్ల ఇద్దరే కూసుంటరా?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. ఏడుపొచ్చింది నాకు, నవ్వూ వచ్చింది.

పదకొండు కిలోమీటర్లు దిగడానికి యాభై నిమిషాలు పట్టింది. వడగళ్లు లేని రోడ్డు మొదలయ్యే చోట అంబులెన్సు నిలబడి ఉంది. మస్తాన్ మాత్రం మూడున్నరకి కూలీల పికప్‌లో, అరచేతులు బొబ్బలెక్కి దిగాడు. పోలీసులకి సూపర్‌వైజరు కాలు జారిందనే చెప్పాడట. మస్తాన్ నోరెత్తలేదట. నా దగ్గరే ఉండిపోయిన వాడి ఫోనులో వీడియో చూపించాను. ఈల, బ్రేకు, అడ్డంగా తిరిగిన కారు, అవ్వా అన్న కేక, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తరవాత ఎవరూ కాలు జారిందనలేదు. మస్తాన్‌కి కేసైంది, కారు పోలీసులు ఉంచుకున్నారు, లైసెన్సు కొన్నాళ్లు పోయింది. కాగితంలో పేరు లేకుండా నడిపినందుకు నాకూ జరిమానా పడింది, కట్టాను. లింగన్న చేతికి ప్లేటు వేశారు. పోలీసు రిపోర్టు ఉండటంతో చికిత్స ఖర్చంతా కారు ఇన్సూరెన్సే పెట్టుకుంది. కాలు జారిందని రాసి ఉంటే ఆయన గతేమిటో నేను ఊహించగలను. ఆ ఊహ వచ్చినప్పుడల్లా మళ్లీ కోపం వస్తుంది.

ఈ పోస్టు పెట్టొద్దని తమ్ముడు అడిగాడు. పెడుతున్నాను. మొన్న కూలీల క్యాంపుకి వెళ్లి లింగన్నని చూశాను. ఎడమచేత్తో చాయ్ తాగుతూ, "మీ తమ్మున్ని ఇగ తిట్టకుండ్రి. ఆ దినం పార మంచిగనే పట్టిండంట, మావోళ్లు చెప్పిన్రు," అన్నాడు. చెయ్యి ఆయనది కాబట్టి క్షమించేసే హక్కు ఆయనకుంది. నాకు లేదు. మూడు వారాలుగా నేను మస్తాన్‌ని, అద్దెకిచ్చినవాణ్ణి, నూలు గ్లవ్స్ ఇచ్చిన కంపెనీని, అద్దం ఎత్తేసుకుని పోయినవాళ్లని తిట్టుకుంటూనే ఉన్నాను. అందరూ తిట్లకి తగినవాళ్లే. కానీ వీడియో తీసింది నేను. తీయను, ఆ బటన్ మళ్లీ నొక్కు అని ఫోను ఒళ్లో పడేసి ఉంటే వాడు నొక్కేవాడు. ఎవరూ చూడకపోతే తోక ఊపే సరదా వాడికి ఉండేది కాదు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పైన ఉండగా వడగళ్లు మొదలైతే, అందులోనూ మీది వెనక చక్రాలతో నడిచే బండైతే, దిగే సాహసం చేయకండి, ఎక్కే సాహసం అసలే చేయకండి. కొండ గోడకి దూరంగా ఉన్న వ్యూ పాయింటు పార్కింగులో బండి ఆపి, హీటరు వేసుకుని కూర్చోండి. ఇక్కడ పడినదేదీ ఎక్కువసేపు నిలవదు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నేను వెనక్కి తిరిగి చూస్తే, కొండ రోడ్డంతా నల్లగా, పొడిగా ఉంది.