గూబ దూరిన ఇల్లు

తెల్లారేసరికి నడింటి దూలం మీద గుడ్లగూబ కూచొని ఉంది. దాన్ని మొదట చూసింది కోడలు అనూష. మూడు నెలల బిడ్డను భుజాన వేసుకొని, రెండు రోజులుగా వదలని దగ్గుకు వీపు నిమురుతూ, లైటు వేసి తలెత్తితే తెల్లటి మొహం, నల్లటి రెండు కళ్లు. ఆ పిల్ల బెదరలేదు. "అత్తా, ఇట్టా రా" అని మెల్లగా పిలిచింది. ప్రమీలమ్మ వచ్చి చూసింది. అటక మీద తిండి వడ్ల బస్తాలున్నాయి. బస్తాల చుట్టూ ఎలుకలున్నాయి. రాత్రంతా వాన. గోడకూ పెంకులకూ మధ్య సందులోంచి వచ్చి ఉంటుంది, పొద్దు వాలితే అదే పోతుంది. ఇందులో ఊరికి చెప్పాల్సిందేమీ లేదు.

కానీ పాలకు వచ్చిన ఎదురింటి ఆనందకుమారి గడప దగ్గర్నుంచే చూసేసింది. పాలు కూడా పోయించుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఆనందకుమారి కంట్లో పడితే ఇక దండోరా వేయించక్కర్లేదు. చిట్టమూరు పక్కనున్న ఆ చిన్న ఊళ్లో అరగంటకల్లా పళ్లు తోముకుంటున్న వాళ్లందరికీ తెలిసిపోయింది.

ఆ వైపు ఊళ్లలో గూబ ఇంట్లో దూరితే ఇల్లు పాడుబెట్టాలంటారు. అంటే పొయ్యి ఆర్పి, తలుపులకు తాళం వేసి, ఇంటిల్లిపాదీ మూడు నెలలు బయట బతకాలి. ఆ తర్వాత పంతుల్ని పిలిచి శాంతి చేయించి, గోడలకు సున్నం కొట్టించి మళ్లీ గడప తొక్కాలి. అట్లా బయటికొచ్చిన వాళ్లకు ఊళ్లో ఎవరూ చోటివ్వరు, కీడు వెంట వస్తుందని. కోడలి పుట్టింటివాళ్లు కూడా రమ్మనరు. ఇక మిగిలేది పొలంలో మోటారు కొట్టం.

ప్రమీలమ్మకు ఇది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ముప్పై మూడేళ్ల కిందట ఇదే ఇంట్లో, ఇట్లాగే కార్తీకంలో ఒక గూబ దూరింది. అప్పుడామెకు పంతొమ్మిదేళ్లు. చంకలో తొమ్మిది నెలల మొదటి బిడ్డ. వేరుపోయి పక్క వీధిలో మిద్దె కట్టుకున్న బావగారు పద్మనాభయ్య వచ్చి ఇల్లు పాడుబెట్టమన్నాడు. మొగుడు పెంచలయ్య మారుమాట లేకుండా సామాను మోశాడు. పొలంలో బావగారి తాటాకు కొట్టం, మట్టి నేల. నాలుగో రోజు తుపాను పట్టుకుంది, గాలికి సగం కప్పు లేచిపోయింది. చాప కింద నీళ్లు ఊరుతుంటే బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టుకొని మూడు రోజులు కూచుంది. ఒళ్లు కాలిపోతున్న పిల్లవాణ్ణి మోకాటి లోతు నీళ్లలో ఎత్తుకొని రోడ్డెక్కి, బస్సు దొరికి, నాయుడుపేట ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు చేయడానికేమీ మిగల్లేదు.

అంతకంటే ఆ తర్వాత విన్న మాట ఆమెను ఎక్కువ కాల్చింది. పాడుబెట్టారు కాబట్టి ఒక్కడితో పోయింది, లేకుంటే ఎంతమంది పోయేవాళ్లో అన్నారు. పలకరింపుకు వచ్చిన వాళ్లందరూ అదే అన్నారు, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ అన్నారు. అప్పట్నుంచి ప్రమీలమ్మకు కోపం ఒక రోగంలా పట్టుకుంది. కాలవ నీళ్ల వంతు దగ్గర, మిల్లు కాటా దగ్గర, రేషన్ వరసలో ఆమెతో మాట పడి నెగ్గినవాడు లేడు. ఆమె జోలికి పోవడం తేనెతుట్టెను కదపడమేనని ఊరు పక్కకు తప్పుకునేది. ఆ కోపం ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగలేదు.

తొమ్మిది గంటలకు పద్మనాభయ్య వచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి, చేతిలో పొడుగాటి వెదురు గెడ. గడప దాటకుండా వాకిట్లోనే నిలబడి తమ్ముడితో మాట్లాడాడు.

"పెంచలయ్యా, పంతుల్ని అడిగొచ్చినా. పదకొండు లోపల బయటికి వచ్చేయాల. నా కొట్టానికి ఇప్పుడు రేకులుండాయి, మీకేం ఇబ్బంది ల్యా. ముందు దాన్ని కొట్టి అవతల పారేద్దాం."

కొడుకు విజయభాస్కర్ అప్పటికే గ్యాస్ బండ వాకిట్లోకి దొర్లించాడు. "మూడు నెల్లే గదమ్మా. ఊరితో మనకెందుకు తగువు" అన్నాడు. వీడు కావలిలో డిగ్రీ చదివినవాడు. నెలల బిడ్డకు తండ్రి. ప్రమీలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్ను చదివించే బదులు ఇంకో గేదెను కొన్నుంటే పాలన్నా ఇచ్చేది" అంది. ఒక్క అంగలో వాకిట్లోకి వచ్చి బావగారి చేతిలోని గెడ లాక్కొని గడ్డివామి మీదికి విసిరేసింది. వీధిలో గుమిగూడిన వాళ్లు రెండడుగులు వెనక్కి తగ్గారు.

"ఎలకల్ని తినను వచ్చింది బావా అది. ఏటా నీ చేలో ఎలకలు వరి కోస్తాంటే మందులకు తగలేస్తావే. ఊరికే వచ్చి పట్టి తినేదాన్ని చంపేదానికి గెడ తెచ్చినావా?"

పద్మనాభయ్య గొంతు పెంచలేదు. "కోపం తెచ్చుకోబాక ప్రమీలా. ఒక బిడ్డను పోగొట్టుకున్నదానివి. గూబ ఏం చేస్తాదో నీకు తెలీందా?"

ఆ మాట ఆమెను నిలువునా చీల్చింది. ఇక ఆగలేదు.

"నా బిడ్డను గూబ ముట్టుకోలా. తుపానులో తాటాకు కిందికి తోలినావే, నువ్వు చంపినావు. మమ్మల్ని ఆడ పెట్టి నువ్వు మిద్దెలో దుప్పటి కప్పుకోని పడుకున్నావు. పండగపండక్కీ నిన్ను పిలిచి ఇస్తరేసి అన్నం పెడతానే ఉండా, ఈ మాట గొంతులో పెట్టుకోని."

"పెద్దోళ్లు చెప్పిందే నేను చెప్పినా."

"అయితే ఆ పెద్దోళ్లు పోయిన చోటికే పొయ్యి చెప్పు, ప్రమీల రానన్నాదని."

ఎవరూ నవ్వలేదు. పద్మనాభయ్య మొహం నల్లబడింది. అంతలో వెనక అలికిడైతే ప్రమీలమ్మ తిరిగి చూసింది. పెంచలయ్య ఉయ్యాల చీర విప్పి, మడిచి చంకలో పెట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నాకు భయంగా ఉందిమే" అన్నాడు. "రేప్పొద్దున ఈ పసిదానికేమన్నా అయితే?"

లోపల బిడ్డ దగ్గుతోంది. ఆ దగ్గు ముదిరితే ఊరు ఏమంటుందో ప్రమీలమ్మకు బాగా తెలుసు. కొట్టంలో పోయిన బిడ్డకు గూబ కారణం, ఇంట్లో పోతే ప్రమీలమ్మ కారణం. రేపు కొడుకు కూడా ఆ మాటే అంటాడు. ఎంత న్యాయమో చూడమని నవ్వాలనిపించింది, ఏడవాలనిపించింది, ఎదురుగా ఉన్న అందరినీ కొట్టాలనిపించింది. ఏదీ చేయలేక గుమ్మం పట్టుకొని నిలబడిపోయింది. ఆమె నోరు మూతపడటం ఊరు చూడటం అదే మొదలు. పద్మనాభయ్య అదను చూసుకొని, "ఊఁ, కానీండి" అన్నాడు.

అప్పుడు అనూష బిడ్డతో గుమ్మంలోకి వచ్చింది. మామ చంకలోంచి ఉయ్యాల చీర తీసుకుంది.

"నేను రాను మామా" అంది. "మీరు పోవాలంటే పోండి. మేమిద్దరం ఈడే ఉంటాం."

గట్టిగా కూడా అనలేదు. అనేసి లోపలికి పోయి, నడింట్లో గూబ లేని రెండో దూలానికి ఉయ్యాల కట్టడం మొదలుపెట్టింది. విజయభాస్కర్ పెళ్లాం వైపు, పెదనాన్న వైపు మార్చి మార్చి చూసి, చివరికి గ్యాస్ బండను వచ్చిన దారినే వెనక్కి దొర్లించాడు. పద్మనాభయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మీ ఖర్మ అనేసి వెళ్లిపోయాడు. వీధి కాసేపు చూసి, చూడటానికేమీ లేక చెదిరిపోయింది.

ప్రమీలమ్మ లోపలికి వచ్చింది. గూబ కళ్లు మూసుకొని నిద్రపోతోంది. అనూష ఉయ్యాల ఊపుతోంది.

"అంతమంది ముందర ఎట్టా అన్నావే ఆ మాట?"

"బిడ్డకు దగ్గుంది గదత్తా. ఈ వానల్లో ఎట్టా పోతాం" అంది అనూష, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

ప్రమీలమ్మకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. ఈసారి అది బావగారి మీదా కాదు, మొగుడి మీదా కాదు. ఉయ్యాల పక్కన నేల మీద కూలబడింది.

"నా బిడ్డకూ ఉండిందే" అంది. "ఆ పొద్దు ఇల్లు వదిలేటప్పుడే ఉండింది. నేను చెప్పలా."