పెళ్లికారెక్కిన సాజా

సాజాకి నెలలు నిండాయని తెలిసి కూడా అత్తింటివాళ్లు ఆవు ఈనేదాకా ఆగారు. చూలుతో ఉన్న ఆవుని పక్కింటివాళ్లకి వదిలేసి కనుమ దాటి బాందీపూర్ పెద్దాసుపత్రికి ఎలా పోతామన్నారు. ఆవు ఈనింది. ఆ సాయంత్రమే మంచు మొదలై దారి మూసుకుపోయింది. మర్నాడు నొప్పులు.

కొండల నడుమ ఉన్న గురేజ్‌లో అలాంటప్పుడు ఇంటికొక భుజం రావాలి. వచ్చారు, కాదనకూడదు. మంచానికి కర్రలు కట్టి, ఆమెను దుప్పట్లలో చుట్టి, కనుమకి ఇవతలే ఉన్న దావర్ చిన్నాసుపత్రి వైపు బయల్దేరారు. సగం దారిలో ముందు కర్ర పట్టే వంతు ఎవరిదని మరిది గనీకీ ఇంకొకడికీ పేచీ వచ్చింది. పేచీ తేలేదాకా మంచాన్ని మంచులో దించారు. కొడుకు అల్తాఫ్ అక్కడే పుట్టాడు. మంచుకి సాజా ఎడమకాలి వేళ్లు రెండు పోయాయి.

మగాళ్లకి మాత్రం ఒక కథ దొరికింది. ఏటా చలికాలం పొయ్యి చుట్టూ చేరి, తాము ఎంత మంచులో ఎంత బరువు మోశారో చెప్పుకునేవాళ్లు. ఆ కథలో పేచీ లేదు, వేళ్లు లేవు. సాజా కూడా దాదాపు లేదు.

ఆమె నోరు పెరిగింది అప్పటినుంచే. ఆకులు రాలే రోజులు రాగానే ఊళ్లో కడుపుతో ఉన్న ప్రతి కోడలింటికీ వెళ్లి పొయ్యి పక్కన కూర్చునేది. సమోవార్ లోంచి ఉప్పు టీ పోసిస్తే ముట్టేది కాదు. "ముందు చెప్పండి, దీన్ని ఎప్పుడు కిందికి, బాందీపూర్‌కి పంపుతున్నారు? కింద అద్దెగది చూశారా?" టీ ముట్టకుండా మనిషి లేచి వెళ్లిపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే. మసీదు మెట్ల మీద దాని గురించే చెప్పుకుంటారు. అందుకని తిట్టుకుంటూనైనా పంపేవాళ్లు.

ఈ ఏడు సొంత కోడలు నసీమాకి తొమ్మిదో నెల. సొంతింట్లో ఆ మంత్రం పారలేదు. టీ కాచేదే తను, తాగనంటే ఎవడికి లెక్క?

"గనీ బాబాయి కొడుకు పెళ్లి అయ్యాక వెళ్దాం అమ్మా," అన్నాడు అల్తాఫ్. "ఎనిమిది గొర్రెలు కోస్తున్నారు."

"నీ పెళ్లానికి నొప్పులొస్తే గొర్రెల్ని పిలుస్తావా?"

"దారి మూసేస్తే హెలికాప్టర్ ఉందిగా."

"మబ్బు పడితే అది నీలాగే ఇంట్లో పడుకుంటుంది."

భర్త సత్తార్ హుక్కా లాగుతూ, "నువ్వు కనలేదా మంచులో? వీడు బాగానే ఉన్నాడుగా," అన్నాడు.

సాజా కొడుకుని కిందినుంచి పైదాకా చూసింది. "ఏం బాగు!"

ఊళ్లో సుమోలన్నీ పెళ్లికే మాట్లాడుకున్నారు. పెళ్లికూతురిది బాందీపూర్. పెళ్లివారు బయల్దేరే పొద్దున ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. కనుమ మీది గొర్రెలకాపరులు రాత్రికి రాత్రే దిగొచ్చేశారని విన్న సాజా, కోడలి చెయ్యి పట్టుకుని వెళ్లి, కాగితం పూలు కట్టిన మొదటి సుమోలో, పెళ్లికొడుకు కూర్చోవాల్సిన చోట నసీమాని కూర్చోబెట్టింది. పక్కన తను కూర్చుంది.

గనీ పరిగెత్తుకొచ్చాడు. "వదినా! దిగు! కొత్త పెళ్లికూతుర్ని తేవడానికి వెళ్తూ నిండుచూలాలిని ముందు కూర్చోబెట్టుకుని పోతే వాళ్లేమనుకుంటారు?"

"నీ కొడుకు చురుకైనవాడనుకుంటారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. పెళ్లికొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

"సామాన్లుంచాలి వదినా, చోటు లేదు."

"ఒకసారి నన్ను కింద దించావు గనీ. ఇంకోసారి దించాలంటే నలుగుర్ని పిలుచుకో. ఇంటికొక భుజం."

ఎవరూ కదల్లేదు. నసీమా నెమ్మదిగా, "అత్తా, పోనీ దిగిపోదామా, నవ్వుతున్నారు," అంది.

"నవ్వనీ. నువ్వు కాళ్లు చాపుకో."

పెళ్లికొడుకు వెనక సీట్లో మిఠాయి బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కనుమ పైకి చేరేసరికి పువ్వుల మీద మంచు రాలుతోంది. డ్రైవర్ నోట్లో దువా చదువుకుంటూ నడిపాడు. బాందీపూర్లో దిగేసరికి వెనక దారి మూసేశారని కబురొచ్చింది.

పెళ్లివారంతా కిందే ఇరుక్కున్నారు. పెళ్లికొడుకు మామగారింట్లో రోజుకి మూడుపూటలా సిగ్గుపడుతూ తిన్నాడు. పైన ఊళ్లో విందు పెళ్లికూతురు లేకుండానే జరిగిపోయింది. వంటవాళ్లు వచ్చేశారు, గొర్రెలు అప్పటికే కోసేశారు, ఏం చేస్తారు? విందుకని ఊళ్లోనే ఉండిపోయిన అల్తాఫ్ ఎంత తిన్నాడో తెలీదు, కానీ నసీమాకి నొప్పులొచ్చిన రోజు అతను కనుమకి అవతల ఉన్నాడు. బిడ్డ అడ్డం తిరిగిందని ఆసుపత్రిలో కోసి తీశారు. దావర్‌లో అయితే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ చెప్పింది.

నేను చివరిసారి కలిసినప్పుడు సాజా బాందీపూర్‌లో అద్దెగదిలో కుంపటి పక్కన మనవణ్ని ఒళ్లో పెట్టుకుని ఉంది. ఊరు మొత్తం నిన్ను మెచ్చుకుంటోందంటే పట్టించుకోలేదు. పసివాడి మొహంలోకి చాలాసేపు చూసి, నిట్టూర్చి, అంది:

"ముక్కు అచ్చం సత్తార్‌దే. ఇంత గొడవ పడి కనుమ దాటించింది ఈ ముక్కునా!"