తొమ్మిదో నంబరు చొక్కా

దర్జీ అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోక ఏం చేస్తుంది? జేబు వంకరగా ఉందన్నవాడి చొక్కా వాడి మొహానే కొట్టిన మనిషి. కొలతలు ఇస్తూ పొట్ట లోపలికి పీల్చుకున్న ఒక పెద్దమనిషిని, "గాలి వదులు నాయనా, రేపు బొత్తాలు తెగితే నన్నంటావు" అని నలుగురి ముందూ కడిగేసింది. డెబ్బై ఏళ్ళొచ్చినా సూదిలోకి దారం మొదటిసారే ఎక్కిస్తుంది. ఆమె మాట కూడా అంతే, గురి తప్పదు.

కొట్టు ఒక తలుపు వెడల్పు, అంతే. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, మేకులకు తగిలించిన అట్ట నమూనాలు. మిషను మీంచి తలెత్తితే ఎదురుగా బారు. వీధి చివర ఒకప్పుడు నూలు మిల్లు ఉండేది, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో ఉండేవాళ్ళకు మిల్లు సంగతే తెలియదు, ఇక మిల్లుకో ఫుట్‌బాల్ టీము ఉండేదని ఏం తెలుస్తుంది?

ఆ టీము చొక్కాలు కుట్టింది అక్కే. మైదానంలో గది లేదు కాబట్టి ఆటగాళ్ళు బారు వెనక గదిలో బట్టలు మార్చుకునేవాళ్ళు. నంబర్లు తెల్లగుడ్డలో కత్తిరించి చేత్తో కుట్టేది. ఆరుకూ తొమ్మిదికీ ఒకటే అట్ట, తిప్పితే సరిపోయేది. అందుకే ఆమె తొమ్మిదికి తల పెద్దది, తోక పొట్టిది.

టీముకు ఒక పద్ధతి ఉండేది. ఆటగాడు చనిపోతే అతని చొక్కా మీది నంబరు విప్పేసి ఇంటివాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. బోసి చొక్కా బారు గోడకెక్కేది. విప్పడం మాత్రం కుట్టిన చెయ్యే చెయ్యాలి. అలా అక్క మూడు నంబర్లు విప్పింది. మూడోది సొంత తమ్ముడిది, తొమ్మిదో నంబరు.

తమ్ముడు మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. తండ్రి తాగి తాగి పోవడం కళ్ళారా చూసినవాడు కనుక చుక్క ముట్టేవాడు కాదు. టీమంతా గ్లాసులు ఎత్తుతుంటే మూల కూర్చుని సోడా తాగేవాడు. వాళ్ళు "పసిపిల్లాడు" అని ఏడిపిస్తే నవ్వేవాడు. ఫైనల్లో రెండు గోల్స్ కొట్టి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోయాడు. బాయిలరు వాల్వు పాడైందని వారం నుంచీ మొత్తుకుంటున్నా పట్టించుకున్న నాథుడు లేడు. అది పేలింది. వాడికి ఇరవై రెండేళ్ళు.

మిల్లు కాగితాల్లో ఏం రాశారో తెలుసా? గెలిచిన సంబరంలో తాగి పనిలోకి వచ్చాడని. అక్క ఆ కాగితాన్ని మేనేజరు ఎదుటే ముక్కలు చేసి బల్ల మీద పోసింది. ఏం లాభం? వాళ్ళ దగ్గర ఇంకో కాపీ ఉంది. అప్పట్నుంచే ఆ కోపం ముక్కు మీద కూర్చుంది, దిగలేదు.

నలభై నాలుగేళ్ళ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం, మెడలో మైకు వేసుకున్న ఒక టోపీ మనిషి పదిహేను మందిని వెంటేసుకుని బారు ముందు ఆగాడు. పాత బార్లు, ఫుట్‌బాల్, వీధుల చరిత్ర చూపించే గైడు అతను. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మైకు మాట వీధి దాటి కొట్టులోకి వచ్చింది.

"ఈ అద్దాల పెట్టెలో ఉన్నది తొమ్మిదో నంబరు చొక్కా! మైదానంలో పులి, ఈ బల్ల దగ్గర మాత్రం పీపాయి! ఆఖరి గ్లాసు ఇక్కడే తాగి, తూలుకుంటూ డ్యూటీకెళ్ళి, బాయిలర్‌తో కుస్తీ పట్టాడు. ఆయన పేరు మీదే ఇక్కడ ఒక డ్రింకు ఉంది. రుచి చూడండి!"

జనం నవ్వారు. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిల్లువాళ్ళు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి రాసుకున్న అబద్ధం అది. ఇప్పుడు దాన్ని ఐసుముక్కలేసి అమ్ముతున్నారు. బల్ల మీది చిన్న కత్తెర తీసుకుని వీధి దాటింది.

"ఏమయ్యా టోపీ, నువ్వు చూశావా వాడు తూలడం?"

గైడు మైకు చేత్తో మూశాడు. "అమ్మా, రికార్డుల్లో అలాగే ఉందండి..."

"రికార్డులు రాసినవాడే బాయిలరు బాగుచేయించనోడు!" అని అక్క కౌంటరు వైపు తిరిగింది. బారు ఓనరు పాత ఓనరు కొడుకే. "నువ్వు చెప్పు. మీ నాన్న మా తమ్ముడికి ఏం పోసేవాడు?"

ఓనరు గ్లాసు ఒకటి అందుకున్నాడు. "అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు... కూర్చో, ముందు చల్లగా ఏదైనా..."

"ఏం పోసేవాడు?"

పదిహేను మంది అతని మొహమే చూస్తున్నారు.

"సోడా," అన్నాడు. "నాన్న వేరే ఏమీ పోయలేదు. నేను చూశాను," అన్నాడు.

"చూసి కూడా నోరు కుట్టుకున్నావు. పైగా ఆ పెట్టెలో చొక్కాకి నంబరు తగిలించావు!"

"నంబరు లేకపోతే ఎవరిదో తెలీట్లేదంటున్నారు అక్కా. అందుకే ఒకటి కుట్టించాను."

"తియ్యి పెట్టె."

తీశాడు. కొత్త తొమ్మిది సన్నగా, తోక పొడుగ్గా ఉంది. దాని అంచు దాటి, తల చుట్టూ, పాత సూది రంధ్రాలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. ఆ రంధ్రాలు అక్క చేతివే. చొక్కాను ఒళ్ళో పరుచుకుని ఒక్కో కుట్టూ కత్తిరించింది. గైడు టోపీ ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

నంబరు ఊడి రాగానే దాన్ని ఓనరు మీదికి విసిరింది. చొక్కా మాత్రం మడత పడకుండా అందించింది.

"గోడకి పెట్టుకో. పోయినవాడి చొక్కాకి నంబరుండదు. వాడి నంబరు నా ట్రంకుపెట్టెలో ఉంది, అదక్కడే ఉంటుంది." తర్వాత గైడు వైపు తిరిగింది. "వచ్చేవారం ఇక్కడ ఆగు. వాల్వు సంగతి చెప్పు. సోడా సంగతి చెప్పు. నవ్వించడానికి ఇంకేదైనా వెతుక్కో."

"చెబుతానండి," అన్నాడతను, మైకు లేకుండానే.

అక్క వెళ్ళబోయి ఆగింది. కౌంటరు వెనక నల్లబల్ల మీద డ్రింకుల వరసలో 'తొమ్మిదో నంబరు' అని సుద్దముక్కతో రాసి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. ఓనరు పొడిగుడ్డ తీసుకుని తుడిచాడు.

"ఇంకా కనిపిస్తోంది," అంది. "తడిగుడ్డ పెట్టి తుడువు."