రోడ్డోళ్లు కట్టిచ్చిన నేలమాళిగ

ఒట్టు పెట్టుకోవద్దని మా పాస్టరయ్య ఆదివారం ఆదివారం చెప్తూనే ఉంటాడు. అయినా పెడతాండా. నల్ల అట్ట బైబిలు మీద కుడిచెయ్యి పెట్టి ఎడమచేత్తో ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకర పోయుంటే అందుకే. ఇందులో ప్రతి మాటా నిజం. నిజం కాకపోతే నంద్యాలలో ఇంకెప్పుడు వాన పడినా మా ఇంట్లోకే రానీ.

డెబ్భైల్లో మా నాయన ఆ ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మెట్లెక్కి లోపలికి పోయేవాళ్లం. మంచి నాపరాతి మెట్లు. సాయంత్రమైతే నాయన పైమెట్టు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లను కిందికి చూసి పలకరించేవాడు. తర్వాత రోడ్లు వేయడం మొదలైంది. పాత రోడ్డు తవ్వరు. దాని మీదనే కంకర, కంకర మీద తారు. వానలకు అది లేచిపోతే దాని మీదనే ఇంకొకటి. ఒక్కో రోడ్డు ఒక్కో మెట్టును మింగింది. ఎనభైల్లోకి వచ్చేసరికి మెట్లన్నీ భూమిలో కలిసిపోయి, ఇంట్లోకి పోవాలంటే మేమే కొత్త మెట్లు కట్టుకుని కిందికి దిగాల్సి వచ్చింది. కిటికీలోంచి చూస్తే నాయనకు మనుషుల ముఖాలు కనపడవు, చెప్పులే కనపడతాయి. ఆయన చెప్పుల్ని బట్టే పేరు పెట్టి పిలిచేవాడు. షావుకార్లు దుడ్లు పోసి నేలమాళిగలు కట్టించుకుంటారు. మాకు రోడ్డోళ్లు ఊరికే కట్టిచ్చినారు.

రోడ్డుతో పాటు దాని పక్కనున్న మురిక్కాలువ కూడా లేచింది. మా లెట్రిన్ మాత్రం నాయన కట్టిన చోటే, అడుగున ఉండిపోయింది. మా ఇంట్లోంచి కాలువలోకి పోవాల్సింది పోకపోగా, వీధి వీధంతా వాడి వదిలింది మా లెట్రిన్‌లోకి తిరిగొచ్చేది. వానాకాలం తలుపు తీస్తే గడప దాకా నిలిచి ఉండేది. దాన్ని వర్ణించను. మీరు అన్నం తిని ఉంటారు.

నాకు అసలు కోపం అక్కడ రాలేదు. నా భార్య చర్చి బడిలో టీచరు. ఒక వానాకాలం ఆమె తెల్లారగానే బడికి పోతుంటే, ఏం శ్రద్ధ అనుకున్నాను. బళ్లో లెట్రిన్ ఉందని పోతోందని నాకు తట్టలేదు. సాయంత్రం భోజనం దగ్గర ఆమె పక్కన నీళ్ల గ్లాసు ఉండకపోవడం కూడా నేను చూడలేదు. కడుపులో నొప్పి, మంట, జ్వరం వచ్చినాక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే ఆమె నన్ను కసిరింది. "ఏమప్పా, ఇంట్లో నీళ్లు లేవా? ఈమె నీళ్లే తాగడం ల్యా!"

దారిలో అడిగాను, ఎందుకు తాగవని.

"తాగితే పోవల్ల గదయ్యా. మీకేం, మగోళ్లు, కుందూ ఏటి గట్టుకు పోతారు. నేను యాడికి పోవల్ల?"

మరుసటి రోజే ఆళ్లగడ్డ బస్సెక్కి పుట్టింటికి పోయింది. "లెట్రిన్ బాగయినాకనే వస్తా. అంతవరకు నా మొగం చూడాల్నంటే నువ్వే రా" అంది.

నేను నేరుగా రోడ్డు కాంట్రాక్టరు దగ్గరికి పోయాను. వీధి చివర ఇంకో పొర వేయిస్తున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. తారు పనికి తెల్లబట్టలు వేసుకొచ్చేవాడు పనికి ఎంత దూరంలో నిలబడతాడో మీరే ఊహించుకోండి.

"అయ్యా, పాత రోడ్డు తవ్వి ఎయ్యండి. మా ఇల్లు భూమిలోకి పోతాంది" అన్నాను.

"తవ్వేది ఎస్టిమేట్లో ల్యాదప్పా. నువ్వే ఇల్లు పైకి లేపుకో."

"ఇంటిని ఎట్ల లేపేది?"

"లారీ కింద పెడ్తారే, జాకీలు. అవి పెట్టుకో" అని పక్కనున్న మేస్త్రీ వైపు చూసి నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకున్నా నా పళ్లు పటపటమంటాయి.

ఇల్లు లేవదు, రోడ్డు దిగదు. ఇంక మిగిలింది ఒకటే, మురికినే పైకి ఎత్తాలి. దానికి పంపు కావాలి. ఆళ్లగడ్డ నుంచి నా బామ్మర్ది దిగాడు. సేద్యగాడు, మోటర్ల సంగతి నాకు వదిలెయ్ బావా అన్నాడు. ఇద్దరం పంపుల అంగడికి పోయాం. అక్కడ నలుగురైదుగురు రైతులు, అందరూ బామ్మర్దికి తెలిసినవాళ్లే.

అంగడాయన అడిగాడు. "ఏం పైరన్నా?"

నేను బామ్మర్దిని చూశాను. బామ్మర్ది నన్ను చూశాడు. లెట్రిన్‌కు అని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

"వరి" అన్నాడు బామ్మర్ది.

"ఎన్నెకరాలు?"

"మూడు" అన్నాను నేను.

"అట్లయితే అయిదు హార్సుపవరు తీస్కపోండి. నీళ్లు అవతలి చేన్లో పడ్తాయి."

ఆ సిగ్గుకు ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పెండ్లాం నీళ్లు మానేసి మంచాన పడింది కూడా ఆ సిగ్గుతోనే. మేం వరి పండిస్తాండామట, లెట్రిన్‌లో!

ఇంటెనక గుంత తీసి బండలు పేర్చి, లెట్రిన్ గొట్టం అందులోకి కలిపాం. గుంతలో చేరింది ఎత్తి కాలువలో పోయడం పంపు పని. ఆ మోటరుకు ఇంటి కరెంటు చాలదంటే, పక్కింటి పిండిమర నుంచి తీగ లాగాం. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా ప్రార్థన చేయించడం మా అలవాటు కదా, పాస్టరయ్యను పిలిచాం. ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఈ యంత్రమును దీవించుము ప్రభువా అని చాలా పొట్టి ప్రార్థన చేశాడు. ఆయన జీవితంలో అంత పొట్టి ప్రార్థన అదొక్కటే.

బామ్మర్ది స్విచ్చి వేశాడు. మోటరు ఉరిమింది. గొట్టం పాములా లేచి, కాలువను దాటి, రోడ్డును దాటి, అవతల మోటారుసైకిలు మీద కూర్చున్న కాంట్రాక్టరును తల నుంచి కాలి దాకా తడిపింది. తెల్లబట్టలు ఏ రంగుకు తిరిగాయో చెప్పను. "జాకీలు పెట్టుకో అప్పా!" అని నేను అరిచాను. అరిచేలోపలే పంపు ఊపిరి తిరగక ఆగిపోయింది. మంచినీళ్ల పంపు కదా, గుంతలోని గొట్టం మూతికి జల్లెడ ఉంటుంది. వరిమడికి పోయే నీళ్లల్లో ఉండనివన్నీ వచ్చి ఆ జల్లెడకు అతుక్కున్నాయి. తీసి కడిగాం. మళ్లీ అతుక్కున్నాయి. బామ్మర్ది వాంతి చేసుకుని, నేను ఊరికి పోతాండా బావా అన్నాడు.

వాడి వెంబడే నేనూ ఆళ్లగడ్డకు పోయి మా ఆమెకు జరిగింది చెప్పాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"వరి అన్నారా?"

"ఆ."

"పండిందా?"

అప్పుడు వాళ్ల చేన్లో బావి లోతు చేస్తాండారు. ఆమె నన్ను బావి గట్టుకు తీసుకుపోయింది. అడుగున పొట్టిగా, లావుగా ఒక పంపు బురదను లాగి బయట పోస్తోంది. బురదతో పాటు గులకరాళ్లు కూడా టకటకమని వచ్చి పడుతున్నాయి.

"రాళ్లే మింగుతాండాది. మనదెంత?" అంది.

బావి పనివాళ్లంతా ఉండగానే, వాళ్ల మేస్త్రీని గొంతు తగ్గించకుండా అడిగింది. "అన్నా, మా లెట్రిన్ మురికి ఎత్తేకి ఇట్లాంటిది కావల్ల. ఇంటి కరెంటుకు నడిచే చిన్నది యాడ దొరుకుతాది?" ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ అంగడి గుర్తు చెప్పాడు.

ఆ అంగడిలో కొన్న పంపును ట్రాక్టరులో వేసుకుని, దాని పక్కనే కూర్చుని, ఆమె నంద్యాలకు వచ్చింది. మూతికి జల్లెడ లేదు, లోపలి రెక్కలు ఎడం ఎడంగా ఉన్నాయి. పైకి పోయింది మళ్లీ వెనక్కి రాకుండా గొట్టంలో మూత పెట్టించేదాకా ఆమె గుంత దగ్గర్నుంచి కదల్లేదు. స్విచ్చి ఆమే వేసింది. గుంత ఖాళీ అయింది. వంటింట్లోకి పోయి చెంబు నిండా నీళ్లు ముంచుకుని, నిలబడే తాగింది. ఇంకో చెంబు ముంచింది. నేను తల తిప్పుకున్నాను.

ఇప్పుడు బైబిలు మీది నుంచి చెయ్యి తీస్తాండా. కాంట్రాక్టరు తడవలేదు. ఆ పొద్దు అతను మా వీధిలోనే లేడు. ఆ వరి పంపు కాలువ దాకా కూడా పోయలేదు, ఉరిమి ఆగిపోయింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ అతని బట్టలు ఇంకొంచెం తెల్లగా ఉతుకుతూ వచ్చాను, అంతే. మిగతాదంతా జరిగింది. జాకీల మాట జరిగింది, వరి జరిగింది, ఆమె గొంతు తడుపుకోకుండా గడిపిన ఆ వానాకాలం జరిగింది. అదొక్కటి నా కల్పన అయ్యి, వాడు తడిసింది నిజమైతే ఎంత బాగుండు.